డీఎంఎం పద్దు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. కరెంటు పోతే చాలు, మా పిన్ని ఏదో ఒకటి మొదలుపెట్టేది. నేను టార్చి పట్టుకుని లేచి ఫ్యూజు చూసేదాన్ని. అది కాలిపోయి ఉండేది. అన్నిటికీ అలాంటి కారణం ఒకటి ఉంటుందనీ, వెతికే ఓపిక లేనివాళ్ళే దయ్యమంటారనీ నా నమ్మకం.

ఇప్పుడు రాస్తున్నది నా కళ్ళ ముందు జరిగింది. వెతకాల్సినంతా వెతికాను. చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. దయ్యం సంగతి ఎలా ఉన్నా, ఇందులో ఒక మనిషికి అన్యాయం జరిగింది. దాంట్లో నా చెయ్యి ఉంది. అందుకే రాస్తున్నాను.

నేను అనంతపురంలో ఉంటాను. ఈ చుట్టుపక్కల హోటళ్ళకు లెక్కలు చూసిపెడతాను. కౌంటరులో బిల్లు కొట్టే మిషను ఒకటి, లెక్కల పుస్తకంగా వాడే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంటాయి. రోజు ముగిశాక మిషన్లోని లెక్కంతా తనంతట తానే పుస్తకంలోకి పోవాలి. అమ్మకం ఏ పద్దులో పడాలి, జీఎస్టీ ఏ పద్దులో పడాలి, కస్టమరు ఇచ్చింది నగదా, కార్డా, యూపీఐనా, అది ఎక్కడ పడాలి అని ఒక పట్టిక ముందే రాసిపెట్టాలి. ఆ పట్టికలో లేనిది ఏదైనా వస్తే సాఫ్ట్‌వేరు దాన్ని సస్పెన్స్ అనే పద్దులో పడేస్తుంది. అందులో సొమ్ము పేరుకుంటే ఆడిటరు ఊరుకోడు. అప్పుడు నన్ను పిలుస్తారు.

శ్రీనాథ్ అనే ఆయనకు రెండు హోటళ్ళు. పాతది గుంతకల్లు స్టేషను దగ్గర, వాళ్ళ నాయన పెట్టింది. కొత్తది ధర్మవరంలో, పట్టుచీరల అంగళ్ళ వీధిలో. పెద్దాయన పోయి నాలుగేళ్ళయింది. బిల్లు మిషన్లు వచ్చింది పోయిన ఏడాది. ఈ సంగతి నేను మిషన్లు కొన్న రసీదు తీసి మరీ సరిచూసుకున్నాను.

వేసవి మొదట్లో శ్రీనాథ్ ఫోన్ చేశాడు, గుంతకల్లు లెక్కలో సస్పెన్స్ పద్దు పెరిగిపోతోందని. కూర్చుని చూశాను. రోజుకు ఒక్క బిల్లు. ఒక్క ఫుల్ మీల్స్, నూట పది రూపాయలు. సొమ్ము ఎలా చెల్లించారో రాసే గడిలో నగదూ లేదు, కార్డూ లేదు. డీఎంఎం అని మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

గుంతకల్లులో ఎవరినైనా అడగండి, డీఎంఎం అంటే ధర్మవరం. అది స్టేషన్ కోడు. ఆ ఊళ్ళో ఇంటికొక రైల్వే ఉద్యోగి ఉంటాడు. పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు కూడా పిల్లోడు ఏటీపీలో ఉన్నాడంటారు, అనంతపురం అనరు. మా మేనమామ గార్డుగా చేసి రిటైరయ్యాడు, నేనూ ఆ కోడుల మధ్యనే పెరిగాను. అక్షరాలు చూడగానే లెక్క తేలిపోయిందనుకున్నాను.

ధర్మవరంలో రైలెక్కేవాళ్ళు అక్కడి హోటల్లో డబ్బు కట్టి, గుంతకల్లులో భోజనం పార్సిలు అందుకునే ఏర్పాటు పెడతానని శ్రీనాథ్ ఎప్పుడో అన్నాడు. పెట్టేసి ఉంటాడనుకున్నాను. డీఎంఎం అని వచ్చిన ప్రతి బిల్లు సొమ్మూ ధర్మవరం గల్లాపెట్టెలో నగదుగా చేరినట్టు పట్టికలో రాశాను. పది నిమిషాల పని. సస్పెన్స్ పద్దు సున్నా అయింది. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ఫీజు మాత్రం తీసుకున్నాను.

ధర్మవరం గల్లాపెట్టె దగ్గర కూర్చునేది పద్మావతి అనే ఆమె. ఇంట్లో మగ్గం ఉంది, భర్త నేస్తాడు. ఆ కూలితో ఇల్లు గడవక ఆమె హోటల్లో చేరింది. నేను పట్టిక మార్చిన రోజే పాత సొమ్మంతా కలిపి ఒక పెద్ద మొత్తం ఆమె నెత్తిన పడింది. ఆ తర్వాత రోజూ ఆమె పెట్టెలో నూట పది రూపాయలు తక్కువగా తేలేది. శ్రీనాథ్ ఆ తక్కువంతా ఆమె జీతంలో కోశాడు. రెండు నెలలు కోసి, మూడో నెల పనికి రావద్దన్నాడు. పాత మొత్తం కట్టకపోతే పోలీసు కంప్లైంటు ఇస్తానన్నాడు.

రోజూ సరిగ్గా ఒక భోజనం ఖరీదే దొంగిలించే దొంగ ఎక్కడైనా ఉంటుందా? ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు. శ్రీనాథ్ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

ఆమె ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది.

"అక్కా, నేను ధర్మవరం హోటల్ పద్మావతిని. రోజూ మూడు తూర్లు ఎంచి పెట్టినానక్కా. ఒక్క రూపాయి తియ్యలేదు. కంప్యూటర్లోనే ఏందో తప్పు ఉండాది. ఒక్కసారి చూడక్కా."

ఆ రోజు జీఎస్టీ రిటర్నులకు ఆఖరు తేదీ. నా ముందు పదకొండు మంది ఫైళ్ళున్నాయి. నేనన్న మాట పొల్లుపోకుండా గుర్తుంది. "కంప్యూటరు తప్పు చెయ్యదమ్మా, మీ ఓనరుతో మాట్లాడుకో" అని పెట్టేశాను. మర్నాడు మళ్ళీ చేసింది. నేను ఎత్తలేదు.

వారం తర్వాత, కంప్లైంటుకు జత చేయడానికి ఆ ఎంట్రీలన్నీ ప్రింటు తీసిమ్మన్నాడు శ్రీనాథ్. తీస్తూ తీస్తూ చూస్తే ప్రతి బిల్లు మీదా ఒకటే టైము. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. ఆదివారమైనా అంతే, పండగైనా అంతే. హోటల్లో రోజూ ఒకే నిమిషానికి బిల్లు కొట్టడం మనుషులకు సాధ్యం కాదు.

ఆ వరసలో ఒక తేదీ చూసి ఆగిపోయాను. అది శ్రీనాథ్ మేనకోడలి పెళ్ళి రోజు. పెళ్ళి లేపాక్షిలో. రెండు హోటళ్ళకూ తాళాలు వేసి, వంటవాళ్ళనూ సర్వర్లనూ అందరినీ బస్సులో తీసుకుపోయాడు. నన్నూ పిలిచాడు. పన్నెండూ ఇరవైకి నేను ఆ పెళ్ళి బంతిలో కూర్చుని హోళిగ తింటున్నాను. ఆ రోజు కూడా గుంతకల్లులో ఒక భోజనం బిల్లు పడింది. ఆ రోజుకు కూడా పద్మావతి జీతంలో నూట పది కోశారు. తాళం వేసిన హోటల్లో, ఊళ్ళో లేని మనిషి దొంగతనం చేసిందట.

నా ఒళ్ళంతా మండిపోయింది. మర్నాడు పొద్దున్నే ప్యాసింజరెక్కి గుంతకల్లు పోయాను.

శ్రీనాథ్‌ను ఆ పార్సిలు ఏర్పాటు గురించి అడిగితే, "అదెప్పుడో వదిలేసినా గదా మేడమ్" అన్నాడు. అంటే నేను రాసిన పట్టికకు అడుగూ లేదు, ఆధారమూ లేదు. సాఫ్ట్‌వేరు కంపెనీకి ఫోన్ చేశాను. పావుగంట సంగీతం వినిపించాక ఒకతను వచ్చి మిషను ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాడు. చేశానన్నాను. మళ్ళీ చేయమన్నాడు. నేను అరిస్తే అప్పుడు మా మిషన్లోకి దూరం నుంచే తొంగి చూసి, డీఎంఎం అనే చెల్లింపు రకమే ఇందులో లేదన్నాడు. బిల్లు కొట్టిన మనిషి పేరుండే గడి ఖాళీగా ఉంది. ఆ గడి ఖాళీగా ఉంటే మిషను అసలు బిల్లే తీసుకోదని కూడా అతనే చెప్పాడు. మరి ఇన్ని బిల్లులు ఎలా వచ్చాయంటే, కంప్లైంటు నంబరు ఇస్తాను రాసుకోండి మేడమ్ అన్నాడు.

మనుషుల పనే అనుకున్నాను. ముందు శ్రీనాథ్‌నే అనుమానించాను, పద్మావతిని వదిలించుకోవడానికి ఆడుతున్న నాటకమేమోనని. తర్వాత కౌంటరు అతన్ని, సర్వర్లను. పాస్‌వర్డులన్నీ మార్చాను. సర్వర్లు ఆర్డరు రాసుకునే చిన్న ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం చెవి నా బ్యాగులో వేసుకున్నాను. నెట్ వైరు పీకేశాను. మర్నాడు ఆ టైముకు మళ్ళీ బిల్లు పడింది. నేను అప్పుడు కౌంటరులోనే ఉన్నాను. ఎవరూ మిషను ముట్టుకోలేదు.

మూడో రోజు వంటింట్లోకి పోయి నిలబడ్డాను. కౌంటరులో బిల్లు పడితే వంటింట్లో గోడకున్న చిన్న ప్రింటరులోంచి చీటీ వస్తుంది, వంట మాస్టరు అది చూసి భోజనం పంపిస్తాడు. ఆ మాస్టరు పేరు హనుమంతప్ప. గుమ్మఘట్ట వైపు మనిషి, ముప్పయ్యేళ్ళ నుంచి ఇక్కడే పని. నన్ను ఒకసారి చూసి, సాంబారు కలుపుకుంటూ ఉన్నాడు.

పన్నెండుంబావుకు కరెంటు పోయింది. ఎండాకాలం కదా, రోజూ పోయేదే. కౌంటరుకు ఇన్వర్టరు ఉంది కానీ వంటింటి ప్రింటరుకు లేదు. దాని మీద లైటు ఆరిపోయింది. నేను అంతటితో ఊరుకోకుండా దాని ప్లగ్గు పీకి, వైరు ఎడమ చేతికి చుట్టుకున్నాను. కుడి చేతిలో ఫోన్ పట్టుకుని టైము చూస్తున్నాను.

పన్నెండూ ఇరవైకి ప్రింటరు చప్పుడు చేసింది. చీటీ బయటికి వచ్చింది. చించి పట్టుకున్నాను, కాగితం వెచ్చగా ఉంది. ఫుల్ మీల్స్ ఒకటి, డీఎంఎం. ప్లగ్గు ఇంకా నా చేతికే వేలాడుతోంది.

నాకు భయం వేయలేదంటే అబద్ధం. చెమటకు చీర వీపుకు అంటుకుపోయింది. హనుమంతప్ప మాత్రం చీటీ వైపు ఒకసారి చూసి, ఒక ఆకు తీసుకుని అన్నం పెట్టడం మొదలుపెట్టాడు.

"ఎవరికి మాస్టరూ?" అన్నాను.

"ధర్మం చీటీ వచ్చె గదమ్మా. ఎనక వాకిట్లో ఎవరో ఒకరు కూచోని ఉంటారు, ఇచ్చొస్తా."

"ధర్మం ఏంది? డీఎంఎం అంటే ధర్మవరం గదా?"

"ధర్మవరం అని ఎవరు చెప్పినారమ్మా నీకు? ధర్మం అది. పెద్దాయన అట్లనే రాస్తాండె."

వ్యాపారం చేసే ఇళ్ళలో లెక్కల పుస్తకంలో ధర్మం అని ఒక పద్దు ఉంటుంది. రోజు అమ్మకంలో కొంత అందులో రాసి, దానానికి తీస్తారు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, పాత పుస్తకాల్లో ఎన్నోసార్లు చూశాను. పెద్దాయన హోటలు పెట్టకముందు రైల్వే గూడ్స్ షెడ్డులో బస్తాల మీద ఊళ్ళ పేర్లు రాసేవాడట. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా స్టేషన్ కోడులే. ధర్మం అన్న మాటను కూడా ఆ మూడక్షరాలతోనే రాసేవాడట. రోజూ మధ్యాహ్నం డబ్బుల్లేక వచ్చినవాళ్ళకు ఒక భోజనం పెట్టమని తన చేత్తో చీటీ రాసి వంటింట్లోకి పంపేవాడట. కరువు ముదిరిన ఏళ్ళలో పల్లెలు వదిలి రైళ్ళలో పోయేవాళ్ళు ఈ స్టేషన్లోనే దిగి బండి మారేవాళ్ళు, వాళ్ళ కోసం మొదలుపెట్టిన పని.

హనుమంతప్ప అటక మీద నుంచి ఒక తీగ దించాడు. దానికి వందల చీటీలు గుచ్చి ఉన్నాయి. అన్నిటి మీదా ఒకటే రాత. ఒకటి, పక్కన డీఎంఎం. నేను ధర్మవరం అని చదివిన ఆ మూడక్షరాలే.

"ఆయన పోయినంక చీటీ నిలిచిపాయె. ధర్మం గిర్మం ఏమీ లేదు, దుడ్లు ఊరికే వస్తాయా అన్నాడు చిన్నాయన. ఈ మిషన్ వచ్చినంక మళ్ళీ చీటీ వచ్చె. సరేలే, కొడుక్కు బుద్ధి వచ్చినాది అనుకుంటి. నేను ఎవర్నీ అడగలా."

"పెళ్ళికి పోయిన రోజో?"

"మర్నాడు తాళం తీస్తే మిషన్‌కు చీటీ ఏలాడతాండె. ఆ పొద్దు రెండాకులు పెడితి."

అప్పుడు నాకు భయం పోయి కోపం వచ్చింది. పెద్దాయన మీదే వచ్చింది. చనిపోయిన మనిషిని తిట్టకూడదంటారు, నేను మనసులో గట్టిగానే తిట్టుకున్నాను. ధర్మం చేయాలనుంటే కొడుకు కలలోకి పోయి చెప్పొచ్చు కదా! రోజూ ఆ ఆకులోకి అన్నం పోయింది పద్మావతి జీతంలోంచి. ఆ దారి వేసిపెట్టింది నేను.

ఆ తీగను తెచ్చి శ్రీనాథ్ ముందు పెట్టాను. చూసిందంతా చెప్పాను. చీటీలు ఒకటొకటే వేలితో తడుముతూ, "మా నాయన రాతే ఇది" అన్నాడు. ముఖం పాలిపోయింది. కాసేపు నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత తేరుకుని లెక్కలు మొదలుపెట్టాడు.

"ఇప్పుడు ఆయమ్మకు ఏమని చెప్పల్ల మేడమ్? మా నాయన వచ్చి బిల్లు కొడతాండాడని చెప్పల్నా? బజారంతా నవ్వుతాది. పనిలో నుంచి తీసినాం, అయిపాయె. కంప్లైంటు ఇయ్యనులే, వదిలెయ్యండి."

కౌంటరు దగ్గర బిల్లులు కడుతున్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అరిచాను.

"మీ నాయన సంగతి నాకొద్దు సార్! పట్టిక తప్పు రాసింది నేను. కళ్ళు మూసుకొని జీతం కోసింది మీరు. కోసిన ప్రతి రూపాయీ ఇప్పుడే తీయండి. కాగితం మీద రాసియ్యండి. లేదంటే ఆ పెళ్ళి రోజు బిల్లు పట్టుకొని పోలీస్ స్టేషన్‌కు నేనే పోతా."

డబ్బు ఇచ్చాడు. కాగితం నేను చెప్పాను, ఆయన లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టాడు. సాంకేతిక కారణాల వల్ల ఏర్పడిన వ్యత్యాసం సరిచేయబడినది, మినహాయించిన జీతం తిరిగి చెల్లించడమైనది. బాగా రాయించాననే అనుకున్నాను.

ఆ సాయంత్రమే ధర్మవరం పోయాను. వాళ్ళ వీధిలో అన్ని ఇళ్ళలోంచీ మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. పద్మావతి నా వయసు మనిషే. నేనెవరో చెబితే కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. వంటింట్లో చూసింది మొదలు అన్నీ చెప్పాను. ఫోన్ ఎత్తనందుకు తప్పయిందన్నాను. ఆమె భర్త మగ్గం ఆపి విన్నాడు. ఆమె డబ్బు మూడుసార్లు ఎంచుకుంది. కాగితం చదివింది, మళ్ళీ చదివింది.

"అక్కా, దీంట్లో నేను తియ్యలేదని యాడ రాసినారు?"

తీసుకుని చూశాను. ఎక్కడా లేదు. ఆమె పేరు కూడా లేదు.

"నన్ను దొంగతనానికి తీసేసినారని ఈ వీధిలో అందరికీ తెలుసు. కొళాయి దగ్గర నన్ను చూసి మాటలు ఆపేస్తాండారు. వ్యత్యాసం అంటే వాళ్ళకు ఏం తెలుస్తాదక్కా?"

కాగితం వెనక్కి తిప్పి, పద్మావతి ఒక్క రూపాయి కూడా తీయలేదు, లెక్క తప్పు రాసింది నేను అని పెద్ద అక్షరాలతో రాసి, పేరూ ఫోన్ నంబరూ పెట్టి సంతకం చేశాను. ఆమె దాన్ని నా ఎదుటే పైకి చదివి, భర్తకు ఇచ్చింది. మళ్ళీ హోటల్లో చేరతావా అంటే తల అడ్డంగా ఊపింది.

గడప దాటుతుంటే అంది, "పెద్దాయన సచ్చిపోయి కూడా ఆకలైన వాళ్ళను మర్చిపోలేదు. నేను బతికుండి రెండు తూర్లు ఫోన్ చేసినా నువ్వు వినకపోతివి గదక్కా." గొంతు పెంచలేదు. నేను వీధి చివర దాకా తల ఎత్తకుండా నడిచాను.

ఇప్పుడు గుంతకల్లు లెక్కలో ధర్మం అని పద్దు తెరిచాను. డీఎంఎం అని వచ్చింది అందులో పడుతోంది. శ్రీనాథ్ వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. బిల్లు ఇంకా రోజూ పన్నెండూ ఇరవైకి వస్తూనే ఉంది, హనుమంతప్ప ఆకు పెడుతూనే ఉన్నాడు. ప్రింటరు మార్చాం, మిషను మార్చాం, ఏమీ మారలేదు. నేను ఆ రోజు చించి దాచుకున్న చీటీ అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితంలా మిగిలింది. వేడితో అచ్చయ్యే అలాంటి కాగితం ఎండాకాలంలో వెలిసిపోవడం మామూలే, అందులో వింతేమీ లేదు.

మొన్న ఆడిటరు అడిగాడు, ఈ బిల్లు ఎవరు కొడుతున్నారని. నాకు తెలియదు సార్, ఎంత వెతికినా తేలలేదు అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, సరే అని ముందుకు పోయాడు. లెక్కలు చూసే మనిషి నాకు తెలియదని చెబితే కొంపలేం మునగవని అప్పుడు తెలిసింది. ఆ మాట పద్మావతి ఫోన్ చేసిన రోజు అని ఉంటే సరిపోయేది.